ప్రెసిడెంటు గారు వద్దన్నారు

దక్షిణ కొరియాలో మోక్పో అనే రేవు ఊళ్ళో, కల్మె కొండ మీద, పైన్ చెట్ల మధ్య ఉన్న బ్యాడ్మింటన్ క్లబ్బులో ప్రతి డిసెంబరులోనూ ప్రెసిడెంటు ఎన్నిక జరుగుతుంది. ఎన్నిక అన్నాను గానీ, ఆ క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క ఓటు పడలేదు, ఒక్క చెయ్యి లేవలేదు. అక్కడి పద్ధతే వేరు. ఆటలయ్యాక అందరూ టెంటులో చాపల మీద కూర్చుంటారు. ప్రెసిడెంటు తాక్ గిబోంగ్ లేచి, "నాకు వయసైపోయింది, ఇక నా వల్ల కాదు, ఈసారికి ఇంకెవరినైనా చూసుకోండి" అంటాడు. వెంటనే సెక్రటరీ లేచి, "అయ్యో, మీరు లేకపోతే మేమేమైపోవాలి" అని బతిమాలాలి. రేవులో చేపల వేలం పాడే బాంగ్ దుసిక్, "ఇంకొక్క ఏడాది!" అని అరిచి చప్పట్లు మొదలుపెట్టాలి. ఆయన మళ్ళీ వద్దంటాడు, వీళ్ళు మళ్ళీ బతిమాలతారు. మూడో విడతలో ఆయన టెంటు కప్పు వైపు చూసి నిట్టూర్చి, "సరే, ఈ ఒక్క ఏడాదే" అంటాడు. అంతటితో ఎన్నిక అయిపోతుంది. గిన్నెల మీద మూతలు లేస్తాయి, ఉడికిన పంది మాంసం ఘుమఘుమలాడుతుంది, అందరూ తినడంలో పడిపోతారు.

ఇలా పన్నెండేళ్ళు నడిచింది. ఇందులో వింతేమీ లేదు. అడగ్గానే సరేనన్నవాణ్ణి ఆ ఊళ్ళో ఆశపోతు అంటారు. పెద్దాయన వద్దంటే నిజమేననుకుని ఊరుకున్నవాళ్ళని ఇంకా హీనంగా చూస్తారు. వద్దన్నవాడిదీ మర్యాదే, వదలనివాళ్ళదీ మర్యాదే. మధ్యలో అసలు సంగతి ఏమైందో ఎవరూ అడగరు.

బతిమాలే పని కొన్నేళ్ళుగా ఓక్ పిల్యేది. ఆమె క్లబ్బు సెక్రటరీ, వయసు యాభై ఆరు. మార్కెట్టు వీధిలో వండిన కూరలూ, కారం పట్టించి ఊరేసిన కింఛీ పచ్చళ్ళూ అమ్మే చిన్న కొట్టు నడుపుతుంది. చేతికి పనుంటే మనసు కుదురుగా ఉండే మనిషి. ఆ నవంబరు చివర ఊరంతా కింఛీలు పెట్టుకునే రోజుల్లో ఆమె చేతులు మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో ఉన్నప్పుడు, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ప్యో నారే కొట్టులోకి వచ్చింది. క్లబ్బులో కుర్రకారుకి ఆ అమ్మాయే పెద్ద దిక్కు.

"అక్కా, ఒక మాట చెప్పిపోదామని వచ్చా. తిట్టకు."

"తిట్టే తీరికెక్కడిదే నాకు? ఆ క్యాబేజీలు కాస్త తిరగెయ్. తిరగేస్తూ చెప్పు."

నారే చేతులు మడిచి క్యాబేజీ మీద ఉప్పు చల్లుతూ, తల ఎత్తకుండా చెప్పేసింది. "కొత్త సంవత్సరం నుంచి మేం కొండ మీదికి రావట్లేదు. కింద కొత్త జిమ్నాసియం కట్టారుగా, అక్కడి క్లబ్బులో చేరిపోతున్నాం."

"మేం అంటే?"

"నేను, మా ఆయన, బడి టీచర్లు, పోస్టాఫీసు వాళ్ళు... నలభై దాటనివాళ్ళం అందరం."

పిల్యే చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. నలభై దాటనివాళ్ళంటే క్లబ్బులో సగం. సగం మంది పోతే ఆట కోర్టులు కూడా పోతాయి. అవి నగరపాలక సంస్థవి, సభ్యులు తగ్గితే వేరే సంఘానికి ఇచ్చేస్తారు. అది అందరికీ తెలిసిన ఒప్పందమే.

"ఎందుకే?" అంది, ఎందుకో తెలిసే.

"ఎందుకా?" నారే లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టి, అచ్చం ప్రెసిడెంటు గారిలా గొంతు బొంగురు చేసింది. "'ఎవడ్రా అది, బూట్లు తుడవకుండా కోర్టులోకి దిగింది? పెద్దలకి వంగి దండం పెట్టావా? సర్వీసా అది, ఈగల్ని తోలుతున్నావా?' పొద్దున్నే వెచ్చటి పక్క వదిలి, చలిలో కొండెక్కి వచ్చేది ఈ తిట్లు తినడానికా అక్కా? మొన్న మా ఆయన నీళ్ళ సీసా నెట్టు పక్కన పెట్టాడని, అందరి ముందూ నిలబెట్టి పావుగంట క్లాసు పీకాడు. ఇంటికొచ్చి మా ఆయన అన్నం కూడా తినలేదు."

"ఓడ ఇంజను గదిలో బతికిన మనిషే. గొంతు పెద్దది గానీ మనసులో ఏమీ ఉండదు."

"గొంతు సంగతి కాదక్కా. ఏటికేడాదీ ముదురుతోంది. నువ్వూ చూస్తున్నావుగా."

చూస్తూనే ఉంది. దాచడానికేముంది.

"మరి మీటింగులో లేచి చెప్పండి" అంది పిల్యే.

"ఏమని? 'తాతగారూ, ఇక దిగండి' అనా? నాకు నోరు రాదు. నీకొస్తుందా?"

పిల్యే ఇంకో క్యాబేజీ అందుకుంది.

"చూశావా. అందుకే గొడవ లేకుండా మేమే పోతాం. ఆయన దిగితే ఉంటాం, లేకపోతే లేదు. నువ్వు చెప్పగలిగితే చెప్పు అక్కా. నువ్వంటే ఆయనకి అభిమానం." నారే చేతులు కడుక్కుని, పిల్యే బలవంతం మీద డబ్బాడు ముల్లంగి కింఛీ పట్టుకుని వెళ్ళిపోయింది.

అభిమానం మాట నిజమే, పిల్యే బాధ కూడా అదే. ఆరేళ్ళ కిందట ఆమె కుడిభుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోలేకపోయేది, పై అరలోంచి జాడీ దింపుకోలేకపోయేది. కొట్టు మూసేసి ఇంట్లో కూర్చుని, గోడ చూస్తూ బతికింది. ఎవరో పట్టుబట్టి కొండ మీదికి తీసుకొస్తే, ఈ గిబోంగే ఆమె చేతిలో రాకెట్టు పెట్టాడు. ఆ శీతాకాలమంతా తన ఆట మానుకుని, నెట్టుకి అవతల నిలబడి, మోకాళ్ళ ఎత్తులో షటిల్ వేస్తూ పోయాడు. తర్వాత నడుం ఎత్తులో. తర్వాత భుజం ఎత్తులో. ఒకరోజు ఆమె చెయ్యి తలకి పైగా లేచి షటిల్‌ని కొట్టినప్పుడు, తను కొట్టానన్న సంగతి ఆమెకి తెలిసేలోపే ఆయన అవతల కేకలు వేస్తూ గంతులేశాడు. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి దిగిపొమ్మని చెప్పాలి. చెప్పకపోతే క్లబ్బుండదు. చెబితే ఆయన ముఖం మళ్ళీ చూడగలదా? 

మర్నాడు తెల్లవారకముందే, చెప్పే మాటలు దారి పొడవునా వల్లెవేసుకుంటూ కొండెక్కింది. "మీ ఆరోగ్యం కోసమేనండీ" అని మొదలుపెట్టాలనుకుంది. పైకి వెళ్ళేసరికి గిబోంగ్ అప్పుడే వచ్చి తాళాలు తీసి, పొయ్యి మీద బార్లీ నీళ్ళు పెట్టి, కోర్టు మీద రాలిన పైన్ ఆకులు ఊడుస్తున్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. చీపురు పట్టుకుంటే ఇప్పటికీ ఓడ డెక్కు కడుగుతున్నట్టే ఉంటుంది.

"ఏం సెక్రటరీ గారూ, ఇంత పొద్దున్నే? కొట్టులో వంట పని లేదా?"

"ఊరికేనండీ. మీకు సాయం చేద్దామని."

"సాయమా? చీపురు అలా పట్టుకుంటారా ఎవరైనా? దువ్వుతున్నారా, ఊడుస్తున్నారా? ఇటివ్వండి." చీపురు లాక్కుని నాలుగు అడుగులు ఊడ్చి, ఆగాడు. వీపు ఆమె వైపే ఉంది. "ఈ డిసెంబరుతో నేను దిగిపోతాను. ఇంకెవరినైనా చూసుకోండి."

పిల్యే చెప్పాల్సిన మాటకి తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఇంక లోపలికి అడుగు పెట్టడమే తరువాయి. పిల్యే నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ నాలుక, మెదడుని అడక్కుండానే పని కానిచ్చేసింది. "అయ్యో, అదేం మాటండీ! మీరు లేకపోతే క్లబ్బుంటుందా!"

అన్నాక గానీ అన్నది తనకి వినబడలేదు. నాలుక కొరుక్కోవాలనిపించింది.  గిబోంగ్ "ఊఁ" అని, మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు. పెద్దాయన మురిసిపోయాడు కాబోలు అనుకుంది పిల్యే. వచ్చిన పని చెడగొట్టుకుని, రెండు ఆటలు ఓడిపోయి, కొండ దిగింది.

దిగుతున్నంతసేపూ తనని తానే తిట్టుకుంది. సగం దారిలో మాత్రం కాళ్ళు ఆగాయి. పొమ్మని చెప్పడానికి తనకి నోరు రాదు, అది ఖాయం. కానీ ఉండమని చెప్పకుండా ఉండగలదు కదా? ఆయన ఎలాగూ వద్దంటాడు. ఎవరూ ఏమీ అనకపోతే చాలు. చాలా చిన్న పని. 

ఆ సాయంత్రం ఈ మాట విన్న నారే కళ్ళు పెద్దవి చేసింది. "ఏమీ అనకుండా కూర్చోవాలా? అందరమూనా? అక్కా, అంతకంటే లేచి తిట్టడం నయం కదా!"

"తెలుసు."

"ఆయన వద్దన్నాక నిశ్శబ్దం. బాబోయ్. నాకు ఇప్పుడే చెమట్లు పడుతున్నాయి."

"నీకొక్కదానికేనా? నువ్వు మాత్రం మీవాళ్ళందరినీ తీసుకురా. ఒక్కరు కూడా ఎగ్గొట్టకూడదు. వచ్చి, నోరు మూసుకుని కూర్చోండి."

"మరి దుసిక్ అన్నయ్య? ఆయన గొంతు విప్పాడంటే రేవు దాకా వినబడుతుంది. చప్పట్లు మొదలైతే మనమూ కొట్టాల్సిందే."

"అతని సంగతి నాకొదిలెయ్."

మీటింగుకి ముందురోజు గిబోంగ్ భార్య కొట్టుకొచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. వేయించిన చిన్నచేపలు తూయించుకుంటూ, "మీ ప్రెసిడెంటు గారు మళ్ళీ మొదలెట్టాడమ్మా, ఈసారి దిగిపోతాట్ట" అంది నవ్వుతూ.

"ప్రతి ఏడూ అనేదేగా వదినా" అని పిల్యే కూడా నవ్వింది. 

"అదేగా. ఆ క్లబ్బు తీసేస్తే మా ఆయన ఎలా బతుకుతాడు? కొండ దిగొచ్చాక కూడా అదే ధ్యాస. నిద్రలో కూడా తాళాలు, తాళాలు అని గొణుగుతాడు." ఆవిడ పొట్లం సంచిలో వేసుకుని, "నువ్వుండబట్టి సరిపోయింది. బాగా చూసుకుంటున్నావు" అని పిల్యే చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. పిల్యేకి ఆ క్షణంలో కొట్టు, కొండ, క్లబ్బు అన్నీ వదిలేసి ఎటైనా పారిపోవాలనిపించింది. ఆ కంగారులో నాలుగు పొట్లాలు తప్పు తూకం వేసింది కూడా.

ఆదివారం వచ్చింది. గాలి కోసేస్తోంది. టెంటు మధ్యలో పొయ్యి ఎర్రగా కాలుతోంది. కుర్రకారంతా వచ్చారు. మాట ప్రకారం ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఇంతమందిని చూసి ముసలివాళ్ళు, "ఏంటర్రా ఇవాళ, ఉచితంగా ఏమైనా పంచుతున్నారా?" అని ఆటపట్టించారు. పంది మాంసం, ముదిరిన కింఛీ, దుసిక్ రేవు నుంచి మోసుకొచ్చిన పులియబెట్టిన టేకుచేప సిద్ధంగా ఉన్నాయి. ఆ చేప మూత తీస్తే చాలు, ముక్కులోంచి బయల్దేరిన ఘాటు నడినెత్తి దాకా వెళ్ళి గానీ ఆగదు. అక్కడివాళ్ళకి అది ప్రాణం. పిల్యే ఆ పళ్ళేన్ని తన ముందు పెట్టుకుని, దుసిక్‌ని పిలిచి మరీ తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏంటి చెల్లెమ్మా, ఇవాళ నా మీద ఇంత ప్రేమ?"

"చేప తెచ్చావుగా అన్నయ్యా. మొదటి ముద్ద నీదే."

గిబోంగ్ లేచాడు. ఆటబట్టల లోపల చొక్కా వేసుకుని, మెడకి టై కట్టుకొచ్చాడు. మీటింగు రోజున ఆయన అలాగే వస్తాడు.  ఏడాది లెక్కలూ మంచిచెడ్డలూ అయ్యాక, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకు వయసైపోయింది. ఇక నా వల్ల కాదు. ఈసారికి ఇంకెవరినైనా చూసుకోండి."

దుసిక్ ఛాతీ నిండా గాలి పీల్చాడు. అదే అదను. పిల్యే అప్పటికే కింఛీ ఆకులో రెండు ముక్కల మాంసం, మూడు ముక్కల టేకుచేప, ఒక వెల్లుల్లి పెట్టి పిడికిలంత పొట్లం చుట్టి ఉంచింది. "అన్నయ్యా, ఆఁ అను" అని అతని నోటి ముందు పెట్టింది. చేత్తో తినిపిస్తుంటే తల తిప్పుకునే మొగవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. దుసిక్ నోరు తెరిచాడు, పొట్లం లోపలికి వెళ్ళింది, బుగ్గలు రెండూ బూరెల్లా పొంగాయి. ఘాటు నెత్తికెక్కి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, అతను రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ నమలడం మొదలుపెట్టాడు.

టెంటులో ఇంకెవరూ కదల్లేదు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ముసలివాళ్ళ చూపులన్నీ పిల్యే మీదికి తిరిగాయి. నీ వంతే కదా, లెమ్మన్నట్టు చూశారు. వెనకనుంచి ఒక పెద్దావిడ ఆమె నడుంలో వేలితో పొడిచింది. పిల్యే చాప అల్లిక చూస్తూ కూర్చుంది.  ఎవరో దగ్గబోయి దగ్గు మింగేశారు.

గిబోంగ్ నిలబడే ఉన్నాడు. తను మాట్లాడింది ఎవరికీ వినబడలేదేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. "మోకాళ్ళు కూడా బాగోలేవు నాకు" అన్నాడు కాస్త మెల్లగా.

ఎవరూ పలకలేదు.

"పొద్దున్నే ఈ కొండెక్కడం..." అని ఆపేశాడు. ఆ మాట తర్వాత ఏమనాలో ఆయనకి తెలియదు. ఎప్పుడూ ఇంత దూరం రానిచ్చింది లేదు. నారే తల మోకాళ్ళ మధ్య పెట్టేసుకుంది. ఆమె భర్త చెవులు ఎర్రబడ్డాయి.

"సెక్రటరీ గారూ" అన్నాడు గిబోంగ్. "మీరేమీ అనరా?"

ఇక తప్పదు. పిల్యే తల ఎత్తింది. ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. అవతల నిలబడి షటిల్ వేసేటప్పుడు ఎలా చూసేవాడో, అలాగే చూస్తున్నాడు. ఆమె తన ముందున్న పళ్ళెం పక్కకి జరిపింది. "మీరు వద్దంటున్నారు కదండీ."

"అవును."

"విన్నామండీ. చాలా చేశారు మా అందరికీ. ఇక... విశ్రాంతి తీసుకోండి."

అనేసింది. పొమ్మనడానికి నోరు రాదనుకుంది గానీ, చివరికి ఆ నోరే అంది. కంటి నిండా నీళ్ళు వచ్చి ఎదుటి మనిషి మసకబారాడు.

గిబోంగ్ ముందు కనుబొమలు ఎత్తాడు. తర్వాత ఆయన భుజాలు, బియ్యం బస్తా దింపుకున్న కూలీ భుజాల్లా కిందికి జారాయి. మెడకున్న టై వదులు చేసుకున్నాడు. చాప మీద ధబ్బున కూలబడి, ఎంతో సేపటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలి, "అమ్మయ్య" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"అమ్మయ్య!" అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా. "ఇన్నాళ్ళకి విన్నారా? మీ చెవులకి దండం పెట్టాలి! మొదటి రెండేళ్ళూ మర్యాదకి వద్దన్నాను, ఒప్పుకుంటాను. మూడో ఏడాది నుంచీ నిజంగానే వద్దంటున్నానయ్యా! నేను వద్దంటే ఈవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, వాడు చప్పట్లు కొడతాడు. ఇంతమంది ప్రేమగా అడుగుతుంటే విదిలించుకుని పోవడం ఎలాగ? పోనీ, నాలుగు తిడితే మీకే రోషం వచ్చి దింపేస్తారనుకున్నాను. బూట్లని తిట్టాను. నీళ్ళ సీసాని తిట్టాను. నాకే సిగ్గేసేది. ఎంత తిడితే అంత గట్టిగా చప్పట్లు కొడితిరి!"

"భయపడి కొట్టామండీ!" అని నారే భర్త అరిచాడు. అరిచాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముందు ఎవరో ఫక్కుమన్నారు. ఆ తర్వాత టెంటంతా గొల్లున నవ్వింది. సరిగ్గా అప్పుడే దుసిక్ ముద్ద మింగడం పూర్తయింది. నవ్వులెందుకో కనుక్కునే ఓపిక లేక, ఇన్నేళ్ళ అలవాటు చొప్పున చేతులెత్తి, "ఇంకొక్క ఏడాది!" అని రేవు అదిరేలా అరిచి చప్పట్లు కొట్టాడు.

"నోరు ముయ్యరా!" అన్నాడు గిబోంగ్. "సెక్రటరీ గారూ, వాడికి ఇంకో ముద్ద పెట్టండి!"

ఇక కొత్త ప్రెసిడెంటు ఎవరన్న మాట వచ్చింది. అందరూ నారే వైపు చూశారు. నారే చేతులు అడ్డంగా ఊపేసింది. "అబ్బే, నేనా? చిన్నపిల్లని, నాకేం తెలుసు, వద్దండీ!" ముసలివాళ్ళు బతిమాలడానికి నోళ్ళు తెరిచారు. గిబోంగ్ అరచెయ్యి చూపి అందరినీ ఆపాడు.

"ఆగండి. ఇవాళ్టి నుంచి ఇంకో పద్ధతి. ఏమ్మా, నిజంగా వద్దా, మర్యాదకి వద్దా? ఒక్కసారే అడుగుతాను. నిజంగా వద్దంటే ఇక్కడెవరూ ఇంకో మాట మాట్లాడరు."

నారే ఎర్రబడింది. చుట్టూ చూసింది. నిజంగానే ఎవరూ బతిమాలడం లేదు. "మర్యాదకేనండీ" అంది చిన్నగా. ఆ క్లబ్బు చరిత్రలో ఇంత తొందరగా తేలిన ఎన్నిక లేదు. మాంసం ఇంకా వేడిగానే ఉంది.

ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటుంటే పిల్యేకి అనుమానం పట్టుకుంది. ఆయన నవ్వాడు, నిజమే. అమ్మయ్య అన్నాడు, అదీ నిజమే. కానీ ఈ ఊళ్ళో దెబ్బ తిన్నవాడు కూడా నవ్వుతాడు. ఎదుటివాళ్ళకి ఇబ్బంది కలగకూడదని అమ్మయ్య అంటాడు, హాస్యమాడతాడు, ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటాడు. మర్యాద కోసం పన్నెండేళ్ళు ఉన్నవాడు, మర్యాద కోసం ఒక గంట నవ్వలేడా? ఆ తిట్ల కథంతా కూడా తమ ముఖాలు నిలబెట్టడానికి అప్పటికప్పుడు అల్లిందేమో. క్లబ్బు లేకపోతే ఎలా బతుకుతాడని ఆయన భార్య అన్న మాట గుర్తొచ్చింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

మర్నాడు చీకటుండగానే కొండెక్కింది. నారే ముందే వచ్చి తాళాలు తీసి, పొయ్యితో కుస్తీ పడుతోంది. ఆటలు మొదలయ్యాయి. గిబోంగ్ రాలేదు. తూర్పున తెలుపెక్కింది. రాలేదు. సముద్రం మీద ఎండ పడింది. అప్పటికీ రాలేదు.

"ఇన్నేళ్ళలో ఆ మనిషి లేకుండా ఇక్కడ తెల్లారింది లేదు" అంది నిన్న నడుంలో పొడిచిన పెద్దావిడ, ఎవరితోనూ కాదన్నట్టు. దుసిక్ దగ్గరికొచ్చి, "నా నోట్లో ముద్ద కుక్కి ఎంత పని చేశావే" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు గానీ, ముఖంలో నవ్వు లేదు.

పిల్యే గిబోంగ్ ఇంటికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఇక ఉండబట్టలేక రాకెట్టు చాప మీద పడేసి, ఆయన ఇంటికని కొండ దిగడం మొదలుపెట్టింది. ఏమని క్షమాపణ అడగాలో కూడా తోచలేదు. మంచుపట్టిన మెట్ల మీద కాళ్ళు జారుతున్నా చూసుకోలేదు. క్లబ్బు నిలబడింది సరే, నిలబెట్టిన మనిషిని కూలగొట్టి నిలబెడితే ఏం సుఖం?

మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆయనే. రాకెట్టు సంచి భుజాన వేసుకుని, తాపీగా, ఆవులిస్తూ ఎక్కి వస్తున్నాడు. ఒకవైపు జుట్టు నిక్కబొడుచుకుని ఉంది.

"ఏంటమ్మా ఆ పరుగు? పొయ్యి మీద ఏమైనా వదిలొచ్చావా?"

"మీరు... మీరు రాలేదని..." ఊపిరందలేదు ఆమెకి. "ఫోను కూడా ఎత్తలేదని... బాధపడ్డారేమోనని..."

"ఎవరు, నేనా?" ఆయన ఇంకోసారి ఆవులించాడు. ముఖం ఎండలోకి తిరిగింది. కుడిచెంప మీద, కణత దగ్గర్నుంచి గడ్డం దాకా, ఎర్రటి దిండు ముడత పడి ఉంది. దిండు గలీబు కుట్టు కూడా అచ్చుదిగింది. "నిద్రపోయానమ్మా! రాత్రి తల వాల్చినవాణ్ణి, కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ. మా ఆవిడ రెండుసార్లు ముక్కు కింద వేలు పెట్టి చూసిందట, ఊపిరుందో లేదోనని. నేను లేస్తానేమోనని ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టిందట."

పిల్యే ఆ ముడతనే చూస్తూ నిలబడిపోయింది. మర్యాద కోసం మనిషి వద్దంటాడు, సరేనంటాడు, నవ్వుతాడు. చెంప మీద దిండు ముడత మాత్రం మర్యాద కోసం పడదు. నిన్నటి నుంచీ గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా లేచిపోయింది. మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసే వచ్చాయి.

"ఇదెక్కడి చోద్యం? నేను పడుకుంటే నువ్వు ఏడుస్తావేంటి?"

"ఏం లేదండీ, ప్రెసిడెంటు గారూ..."

"మళ్ళీ అదేనా! ఆ పిల్ల వింటే పదవి లాక్కుంటున్నాననుకుంటుంది."

పిల్యే కొంకర్లుపోయిన వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. ఏమని పిలవాలో ఒక క్షణం తోచలేదు. "అన్నయ్యా" అంది.

"ఆఁ, అదీ పిలుపంటే." ఆయన చెయ్యి అందించి ఆమెని లేపాడు. ఇద్దరూ కలిసి పైకి నడిచారు. నాలుగు మెట్లెక్కాక ఆయన ఆగి, కాస్త అనుమానంగా అడిగాడు. "పైకెళ్ళాక నన్నెవరూ ఏమీ చెయ్యమనరు కదా?"

"అనరు అన్నయ్యా. ఆడుకోవడానికి రండి, అంతే."

"అయితే పద" అని ఆయన ముందుకి నడిచాడు.